పాల కోసం పుట్టిన ఎద్దు

మా ఆయన ఏం ఉద్యోగం చేస్తాడని ఎవరైనా అడిగితే "పశువుల దవాఖానలో" అని చెప్పి ఊరుకునేదాన్ని. అక్కడితో ఆగే మనుషులైతే బాగానే ఉండేది. డాక్టరా అని అడిగేవాళ్లు. కాదనేదాన్ని. కంపౌండరా అనేవాళ్లు. అదీ కాదు. ఇక దాచి లాభం లేదని, "ఆవులకు జెర్సీ సూది ఏస్తడు" అని చెప్పేసేదాన్ని.  మగవాళ్లు చూరు వైపు చూసేవాళ్లు, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆంబోతు లేకుండా ఆవుకు కడుపు చేయడం సర్కారు నౌకరీ అని, దానికి నెలనెలా జీతం వస్తుందని, ముసలితనంలో పింఛను కూడా ఉంటుందని నమ్మడానికి మా జనానికి చాలా యేళ్లు పట్టింది. నాకూ పట్టింది.

ఆ నౌకరీ ఆయనకు ఊరికే రాలేదు. అరవై తొమ్మిదిలో మా ఉద్యోగాలు మాకే కావాలని ఊరేగింపులు తీసిన పిల్లల్లో ఆయన ఒకడు. బడులు, కాలేజీలు మూతపడ్డాయి. నేనప్పుడు జనగామలో చుట్టాలింట్లో ఉండి చదువుకుంటున్నాను. బడి ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు కానీ, బడి లేని ఆడపిల్లను ఏం చేయాలో మాత్రం అందరికీ తెలుసు. అట్లా ఆ ఉద్యమంలో నాకు దక్కింది మొగుడు. ఆయనకు కొన్నేళ్ల తర్వాత ఉద్యోగం దొరికింది. మన ఉద్యోగం మనకే వచ్చిందని ఆయన మురిసిపోయాడు. ఈ ఉద్యోగం ఎత్తుకుపోదామని ఏ కోస్తా వాడూ కాచుక్కూర్చోలేదని నేనన్నాను. కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

మొదటి పోస్టింగు గూడూరు. మహబూబాబాద్‌లో రైలు దిగి బస్సెక్కాలి. ఊరి చివర అడవి మొదలయ్యే చోట దవాఖాన, దాని గోడకు ఆనుకొని మా క్వార్టరు. జెర్సీ ఆంబోతును మా ఆయన ఎన్నడూ చూడలేదు. అది ఎక్కడో పట్నం అవతల, పెద్ద గోడల మధ్య, ఫ్యాను కింద ఉంటుందని మాత్రం గర్వంగా చెప్పేవాడు. ఎండాకాలం మాకు ఫ్యాను లేదు. దాని వీర్యం చిన్న గాజు సీసాల్లో, ఐసుముక్కల మధ్య, థర్మాస్ ఫ్లాస్కులో వచ్చేది. మనం ఛాయ్ పోసుకునే ఫ్లాస్కే. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే కండక్టరు, "సారూ, మాకు గూడ జర పోయరాదు" అనేవాడట. ఆయన నవ్వకుండా, "గిది నీకు పనికిరాదు" అనేవాడట. ఇంట్లో అలాంటి ఫ్లాస్కే ఇంకొకటి ఉండేది. పొరపాటు జరగకూడదని మా దానికి ఎర్రదారం కట్టాను. అయినా మా ఇంటికొచ్చిన చుట్టాలు ఛాయ్ వద్దు, మంచినీళ్లు చాలు అనేవాళ్లు.

ఒకసారి పెద్ద డాక్టరు వచ్చి రైతులకు మీటింగు పెట్టాడు. కోస్తా వైపు మనిషి. వంటింటి కిటికీలోంచి నాకు అంతా వినిపించింది.

"మీ ఆవులు పూటకి శేరు పాలు కూడా ఇవ్వవండీ. వీటి రక్తం మార్చాలి. ఒక తరంలో సగం మారుతుంది, రెండో తరానికి ముప్పాతిక మారిపోతుంది" అన్నాడాయన.

రక్తం మారుస్తారనేసరికి ముందు వరసలో వాళ్లు కొంచెం వెనక్కి జరిగారు. ఒక ముసలాయన లేచి, "మరి కోడె పుడితె ఎట్ల దొరా?" అని అడిగాడు.

"పెయ్యదూడ పుడుతుందండీ. ఈనిన తర్వాత పాలే పాలు."

"పెయ్య పుడితె మంచిదే. కోడె పుడితె ఏంది అంటున్న."

డాక్టరు పక్కనున్నవాళ్ల వైపు తిరిగి, "ఈయన భాష ఏవిటో నాకు అర్థం కావట్లేదు" అని నవ్వాడు. ఆయన నవ్వాడని అందరూ నవ్వారు. ముసలాయన కూర్చున్నాడు. ఆయన అడిగింది ఆ మీటింగులో అందరికీ అర్థమైంది, డాక్టరుకు కూడా.

మధ్యాహ్నం అన్నం పెడుతూ అదే ప్రశ్న నేను మా ఆయనను అడిగాను.

"స్కీము పాలకు. కోడె స్కీముల లేదు" అన్నాడు.

"స్కీముల లేకుంటె పుట్టదా?"

ఆయన పెరుగు వేయమన్నాడు.

ఇక మా అవ్వ సంగతి. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. జఫర్‌గఢ్ దగ్గర పల్లెలో ఒక్కతే ఉండేది. మా బాపు నా పెళ్లికి ముందే పోయాడు. నేను తప్ప పిల్లలు లేరు. జొన్న, పెసర, కంది పండే మెట్టచేను, ఒక ఆవు, ఆ ఆవు కన్న రెండు ఎడ్లు, ఇదీ ఆమె సంసారం. రెండెడ్లలో ఒకటి గొంతువాపు వచ్చి చచ్చిపోయింది. మిగిలింది ఒంటెద్దు, తెల్లది.

ఒంటెద్దుతో దున్నలేరు. అలాంటి రైతులిద్దరు కలిసి ఎద్దుకు ఎద్దు కలుపుకుని ఒక అరక కట్టుకోవడం మా దిక్కు వాడుక. అవ్వ మా పెద్దనాయినతో, అంటే బాపుకు అన్న వరసయ్యే ఆయనతో, కలుపుకుంది. వాడుక ప్రకారం పెద్దవాళ్ల చేను ముందు దున్నాలి. తొలకరి పడిన రోజు అవ్వ తన ఎద్దు పలుపు పట్టుకుని ఆయన వాకిట్లో నిలబడేది. బావ ముందు మాట్లాడకూడదు కనుక తలమీద కొంగు లాక్కుని ఊరికే నిలబడేది. ఆయన చేను అయ్యాక, ఆయన కొడుకు చేను అయ్యాక, అరక మా చేలోకి వచ్చేది. అప్పటికి పదును ఆరిపోయేది. మొలకలు పలచగా వచ్చేవి. పక్క చేలల్లో జొన్న మోకాలెత్తు ఉంటే మాది చీలమండ దాటేది కాదు.

"అడుక్క తినేటోళ్లు గూడ ఒక వాకిట్ల గంత పొద్దు నిలబడరు బిడ్డా" అని ఒకసారి నాతో అన్నది.

ఆవు ఇంకొక్క కోడెను కంటే చాలు. అది పెరిగితే తన జోడు తనకుంటుంది, వాన పడిన పూటే తన చేను తాను దున్నించుకుంటుంది. అవ్వ దేవుణ్ని అడిగింది అంతవరకే. ఆవుకు వయసు మీద పడుతోంది కనుక అడగడంలో కొంచెం తొందర కూడా ఉండేది.

ఆ యేడు దసరాకు మేమిద్దరం అవ్వ దగ్గరికి వెళ్లాం. మా ఇళ్లలో అత్త అల్లుడి ఎదుటికి రాదు, అల్లుడితో మాట్లాడదు. మా ఆయన వసారాలో మంచం మీద కూర్చుంటే అవ్వ తలుపు చాటున నిలబడేది. ఇద్దరి మధ్య ఒక తలుపు రెక్క, నేను. "కూరల ఉప్పు సరిపోయిందో లేదో అడుగు" అని అవ్వ అంటుంది. ఆయనకు వినబడుతుంది. అయినా నేను, "కూరల ఉప్పు సరిపోయిందా?" అని అడగాలి. "సరిపోయిందని చెప్పు" అని ఆయనంటాడు. అవ్వకు వినబడుతుంది. అయినా నేను చెప్పాలి. పెళ్లయిన కొత్తలో ఇది మర్యాద అనుకున్నాను. తర్వాత్తర్వాత దీనికి కూడా ఒక జీతం ఇస్తే బాగుండుననిపించేది.

పండుగ మరునాడు పొద్దున్నే ఆవు అరవడం మొదలుపెట్టింది. అవ్వ ముఖం వెలిగింది. ఊరి ఆంబోతు, రాజన్న దేవుడి పేరిట వదిలిన గిత్త, చెరువు దిక్కున మేస్తుందని ఆమెకు తెలుసు. పలుపు విప్పుదామని కొట్టం దాకా వెళ్లింది. ఇంతలో మా ఆయన వసారాలోంచి లేచి నిలబడ్డాడు. ఆయనకు ఆవు అరుపు చాలు.

"ఎదకచ్చింది. ఆంబోతు కాడికి తోలొద్దని మీ అవ్వకు చెప్పు. నేను జనగామ పోయి మందు తెస్త. పొద్దున ఎదకస్తె పొద్దుగూకకముందు ఏస్తె నిలుస్తది" అన్నాడు.

అల్లుడి నోట ఆవు ఎద గురించి మాట. అవ్వ గబగబా తలుపు చాటుకు వచ్చేసింది. నేను నా పని ప్రకారం అదంతా ఆమెకు అప్పజెప్పాను.

"నాకు కోడె గావాలె" అని అవ్వ మెల్లగా అన్నది.

"అవ్వకు కోడె కావాల్నట" అన్నాను ఆయనతో.

"కోడె అయితదా పెయ్య అయితదా అది మన చేతుల ఉంటదా? జెర్సీ కోడె పుడితె ఏనుగు తీర్గ ఉంటది. జోడు చూస్తె ఊరంత నిలబడాలె."

ఆయన అబద్ధం ఆడలేదు. అప్పటికి ఆయన సూదితో పుట్టిన దూడలన్నీ ఇంకా తల్లుల చాటునే ఉన్నాయి. ఏ ఒక్కటీ కాడి కిందికి రాలేదు. ఫ్లాస్కులోంచి వచ్చేది ఏదైనా పెద్దదే, మంచిదే అని ఆయన నమ్మకం.

అవ్వ, "ఆయన ఎట్లంటె గట్లనే" అన్నది.

అత్త నోట అల్లుడికి అంతకన్నా వేరే మాట రాదు. మంచం ఆ మూలకు వేయమన్నా ఆ మాటే, ఇల్లు తగలబెడతానన్నా ఆ మాటే. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకుని సైకిలెక్కాడు. ఎండ వాలే వేళకు ఫ్లాస్కుతో దిగాడు. చేతికి సబ్బు రాసుకుని పని కానిచ్చాడు. అవ్వ లోపల దేవుడి గూటి ముందు కూర్చుని ఉంది. ఆవును ఎవరూ ఏమీ అడగలేదు. దానికి నాలాంటి మనిషి కూడా మధ్యలో లేదు.

ఆవు చూడి నిలిచింది. ఆషాఢంలో ఈనేటప్పుడు మాత్రం చాలా కష్టపడింది. మా పల్లె ఆవు చిన్నది, లోపలి దూడ ఎవరి కొలతకో పెరిగింది. పొద్దున పడుకున్న ఆవు మధ్యాహ్నమైనా లేవలేదు. కాలు మాత్రం బయటికొచ్చింది. మా ఆయన సెలవు పెట్టి అప్పటికే వచ్చి ఉన్నాడు. కాళ్లకు తాడు కట్టి, ఆయన, పెద్దనాయిన కలిసి లాగారు. నేను ఆవు తల ఒళ్లో పెట్టుకున్నాను. అది అరవలేక నా ముఖం వైపు చూస్తుంటే, మనిషి పుట్టుక పుట్టినందుకు నాకు సిగ్గేసింది. చివరికి దూడ బయటపడింది. ఎర్రమట్టి రంగు, పెద్ద కళ్లు, గట్టి కాళ్లు. కోడె.

అవ్వ తలుపు చాటునుంచే దండం పెట్టింది. మా ఆయన బయటికి వెళ్లాక వచ్చి, దూడ ఒళ్లంతా గుడ్డతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ మెడ దగ్గర చెయ్యి ఆపింది. మళ్లీ తడిమింది.

"మూపురం ఏది?"

వాకిట్లో ఉన్న ఆయనను వెళ్లి అడిగాను. ఆయన చేతులు కడుక్కుంటూ, "జెర్సీకి మూపురం ఉండదు" అన్నాడు. మళ్లీ ఆయనే, "పాలకు మూపురంతోని ఏం పని?" అన్నాడు.

కాడి నిలిచేది మూపురం ముందు. మూపురం లేకపోతే కాడి వీపు మీదికి జారుతుంది. ఈ సంగతి మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఆయనకూ తెలుసు, రైతు బిడ్డే. కానీ సూది వేసేటప్పుడు ఆయన రైతు కాదు, ఉద్యోగి. రెండూ ఒకే తలలో ఎప్పుడూ కలుసుకోలేదు, అంతే.

అవ్వ మాత్రం నిబ్బరంగా ఉంది. "అస్తది. పుట్టిన పిల్లకు ముక్కు ఒత్తమా, తల ఒత్తమా? గిది గూడ గంతే" అన్నది.

మా ఇళ్లలో పసిపిల్లలకు స్నానం చేయించేటప్పుడు నూనె రాసి ముక్కు నిలబడేట్టు లాగుతారు, తల గుండ్రంగా వచ్చేట్టు ఒత్తుతారు. నా ముక్కు మా అవ్వ చేతి పనే. చూసినవాళ్లెవరూ ఆ పనితనాన్ని మెచ్చుకున్న గుర్తు నాకు లేదు. అయినా ఆమెకు ఆ విద్య మీద గురి. రోజూ పొద్దున్నే ఆముదం వేడి చేసి, దూడ మెడ వెనక, మూపురం ఉండాల్సిన చోట, రెండు చేతులతో తోలును పైకి లాగుతూ రుద్దేది. ఊరి ఆడవాళ్లు మొదట నవ్వడానికి వచ్చారు. తర్వాత సలహాలు చెప్పడానికి వచ్చారు. పసుపు కలపమని ఒకామె, ఎదురుగా కాదు ఎడమ పక్క నిలబడి రుద్దమని ఒకామె. ఒక పక్క మూపురం రాదంటూనే ఇంకో పక్క ఇంట్లోంచి ఆముదం తెచ్చి ఇచ్చేవాళ్లు. పెద్దనాయిన గోడ అవతల నుంచి, ఎవరితోనో అన్నట్టుగా, "వీపు మీద గుట్ట మొలుస్తదట" అనేవాడు.

మూపురం రాలేదు. కానీ ఆ కోడెకు మా అవ్వ చేయి అలవాటైపోయింది. ఆమె కనిపిస్తే చాలు, దగ్గరికొచ్చి మెడ వంచి నిలబడేది. అంత సాధువైన పశువును నేను చూడలేదు. పొడవదు, తన్నదు, పిల్లలు తోక లాగినా ఊరుకునేది. పెరిగి పెద్దయ్యేసరికి నిజంగానే జనం ఆగి చూసేవాళ్లు. ఆ మాటవరకు మా ఆయన చెప్పింది అబద్ధం కాలేదు.

కాడికి వచ్చే వయసు వచ్చింది. అవ్వ పెద్దనాయిన ఇంటికి కబురు పంపింది: వచ్చే తొలకరికి ఎద్దు కలపను, నా జోడు నాకున్నది. ఆ కబురు పంపిన రోజు ఆమె పరమాన్నం వండుకుందని తర్వాత విన్నాను. పెద్దనాయిన ఊరుకుంటాడా, వేరే వాళ్లతో కలుపుకున్నాడు.

మూపురం లేని సంగతికి ఆమె దగ్గర ఉపాయం ఉంది. పాత చీరలు చుట్టి, లోపల గడ్డి కూరి, మెత్త ఒకటి కుట్టింది. దాన్ని కోడె వీపు మీద, కాడికి వెనక, నడుం చుట్టూ తాళ్లతో బిగించి కట్టింది. అంటే మా అవ్వ గుడ్డతో మూపురం కుట్టింది. తొలకరి పడగానే అరక కట్టారు. మేమూ ఆ సమయానికి వెళ్లాం. కూలికి మాట్లాడుకున్న పాలేరు నాగలి పట్టాడు. చేను గట్టు మీద సగం ఊరు నిలబడింది. పచ్చంచు చీర మూపురంతో ఆ ఎర్రెద్దు, పక్కన తెల్లెద్దు.

నడిచింది. బాగానే నడిచింది. బలానికి లోటేముంది, తెల్లెద్దును అదే లాక్కుపోయింది. సాళ్లు వరుసగా పడుతున్నాయి. అవ్వ గట్టు మీద నిలబడి కళ్లు తుడుచుకుంది. పదును మీద, వాన పడిన పూటే, తన చేలో తన అరక. 

ఎండ కొంచెం ఎక్కగానే ఎర్రెద్దు నాలుక బయటపెట్టింది. నురుగు కారింది. ఇంకో సాలు నడిచి, ఏ గొడవా చేయకుండా, సాలులోనే పడుకుంది. నీళ్లు పోశారు. లేచింది. నాలుగడుగులు వేసి మళ్లీ పడుకుంది. ఫ్యాను కింద బతికే ఆంబోతు బిడ్డ అది. దానికి మా ఎండ పడలేదు. మరునాడు తెల్లవారుతూనే కట్టారు. పొద్దు పొడిచి పైకి వచ్చేదాకా దున్నింది, తర్వాత అదే తంతు. పాలేరు ఇది అయ్యే పని కాదని నాగలి దించాడు. పెద్దనాయిన దగ్గరికి మళ్లీ పోవడానికి లేదు. ఆ యేడు మా చేను చాలావరకు బీడు పడింది. ఆ ఇంట్లో మాత్రం రోజూ రెండు ఎడ్లకు, ఒక ఆవుకు చొప్ప వేయాలి.

అమ్మేయాలని అందరూ అన్నారు. మా ఆయన తానే దగ్గర్లోని పశువుల అంగడికి తోలుకెళ్తానన్నాడు. అవ్వ తానూ వస్తానన్నది. ముందు ఆయన పలుపు పట్టుకుని, వెనక నేను, నా వెనక చాలా దూరంలో అవ్వ, అల్లుడి నీడ తగలనంత ఎడంగా. ఊరేగింపులాగానే ఉంది, డప్పులే లేవు.

అంగడిలో రైతులు దూరం నుంచి చూసి ఆశగా వచ్చేవాళ్లు. దగ్గరికొచ్చి మెడ వెనక చెయ్యి వేసేవాళ్లు. చెయ్యి తీసి వెళ్లిపోయేవాళ్లు. ఒకాయన మాత్రం ఆగి, "అరక కట్టిండ్రా? పని చేస్తదా?" అని అడిగాడు.

మా ఆయన గొంతు సవరించుకుని, "చేస్తది" అన్నాడు.

"చెయ్యది" అని వెనకనుంచి వినపడింది. అవ్వ ఎప్పుడు దగ్గరికొచ్చిందో చూడలేదు. "ఎండల పడుకుంటది. పాల కోసం పుట్టిచ్చిన ఎద్దు గిది."

పెళ్లయిన ఇన్నేళ్లలో అల్లుడు ఉన్నచోట, నా అవసరం లేకుండా, ఆమె నోరు విప్పడం అదే మొదలు. అడిగినాయన ఆమెను, ఎద్దును మార్చి మార్చి చూసి పోయాడు. తర్వాత ఒక సాయిబు వచ్చాడు. పశువుల బేరగాడు. దాని వీపు, దవడ చూసి, అవ్వ వైపు తిరిగి, "అమ్మా, నేను తీస్కుంట గని కోతకే తీస్కుంట. దున్నేటోళ్లకు అమ్ముతనని ఝూట చెప్ప. మీ దిల్ ఒప్పుతె ఇయ్యండ్రి" అన్నాడు. ఆ అంగడిలో అంత చక్కగా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

అవ్వ తలమీది కొంగు తీసి భుజాన వేసుకుని, మా ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"అల్లుడా, ఇయ్యమంటవా? దీన్ని పుట్టిచ్చినోనివి నువ్వు. నువ్వు ఇయ్యమంటె ఇస్త."

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఎద్దు వైపు చూశాను. అది, అవ్వ దగ్గరికి వచ్చింది కదా అని, రుద్దుతుందేమోనని, మెడ వంచి నిలబడింది. సాయిబు తల పక్కకు తిప్పుకున్నాడు. మా ఆయన పలుపు చేతికి చుట్టుకుని, "పద, ఇంటికి పోదాం" అన్నాడు. ఆ మాట అత్తతో చెప్పలేక ఎద్దుతో చెప్పాడు. సాయంత్రానికి ముగ్గురం, ఎద్దు, తిరిగి ఊరు చేరాం. ఈసారి అవ్వ ముందు నడిచింది.

తర్వాత ఆయనకు భూపాలపల్లి వైపు బదిలీ అయింది. బొగ్గు పని మొదలై ఊరంతా లారీలు, దుమ్ము. అక్కడ ఎవరైనా ఆవును తోలుకొస్తే, మా ఆయన ఫ్లాస్కు మూత తీయకముందే, "కోడె పుడితె ఏం చేస్తవు?" అని అడిగేవాడు. పాలు అమ్ముకునేవాళ్లు ఏదో ఒకటి చెప్పేవాళ్లు. దున్నుకునేవాళ్లు కాసేపు తల గోక్కుని ఆవును ఇంటికి మళ్లించేవాళ్లు. పైనుంచి మెమో వచ్చింది, పని తగ్గిందని. ఉద్యోగం పోతుందేమోనని నేను భయపడ్డాను. "పోదు. అడుగుడు స్కీముల లేదు గని, అడగొద్దని గూడ లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న కోపంలో సగం పోయింది.

ఆ కాన్పు తర్వాత ఎన్నాళ్లకూ ఎదకు రాని మా అవ్వ ఆవు, ఆ చలికాలంలో మళ్లీ అరిచింది. ఈసారి అవ్వ ఎవరికీ కబురు పెట్టలేదు. ఆడవాళ్లు చేయని పని అది, అయినా పట్టపగలు నడి వీధిలోంచి ఆవును తానే ఆంబోతు దగ్గరికి తోలుకుపోయింది. మూడు నెలలు గడిచాక, "అల్లుణ్ని తోలుకరా, ఆవును చూడాలె" అని మాకు కబురొచ్చింది.

మా ఆయన చొక్కా విప్పి, భుజం దాకా సబ్బు రాసుకుని, ఆవు వెనక నిలబడ్డాడు. అవ్వ తలుపు చాటుకు పోలేదు. ఆవు మెడ పట్టుకుని ఎదురుగా నిలబడి ఆయన ముఖమే చూస్తోంది. ఆయన చెయ్యి లోపల పెట్టి చాలాసేపు తడిమి చూశాడు. చూడి ఉందో లేదో చెప్పడానికి ఆయనకు అంతసేపు పట్టదని నాకు తెలుసు. చివరికి చెయ్యి తీసి, బకెట్టులో కడుక్కుంటూ, నా వైపు తిరిగి, "మీ అవ్వకు చెప్పు" అని మొదలుపెట్టాడు.

"నువ్వే చెప్పు" అన్నాను.

ఆయన తల వంచుకునే, "నిలవలే అత్తమ్మా. ఇగ నిలవది. లోపల చెడిపోయింది" అన్నాడు.

"ఎప్పుడు చెడిపోయింది?"

"ఆ కాన్పుల. మేం లాగినప్పుడు."

"నీకు అప్పుడే ఎరుకనా?"

"అనుమానం ఉండె."

"మరి చెప్పలే."

"నువ్వు అడగలే గద అత్తమ్మా."

అవ్వ ఆవు మెడ వదిలేసింది. "నేను నిన్ను అడిగేటట్టు ఉంటినా?" అన్నది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.  

లోపలికి వెళ్లి ఆమే పీట వేసింది. ఆమే కంచం పెట్టింది. ఎన్నడూ లేనిది, అల్లుడికి తన చేత్తో వడ్డించింది. పప్పు వేస్తూ, రేపు సంతకు ఏం తేవాలో చెప్పినంత మామూలుగా, "చేను మా బావకు పాలుకిస్తున్న, పంటల సగం ఆయనకు సగం నాకు. తెల్లెద్దును గూడ ఆయన కొట్టంలనే కట్టేస్త. వానలు పడితె ఇగ నాకేం పని లేదు" అని చెప్పింది.

అన్నం కలిపిన చెయ్యి కంచంలో అట్లాగే ఉంచి మా ఆయన ఏడుస్తున్నాడు. నేను చూడటం అదే మొదలు.

"తిను కొడుకా" అన్నది అవ్వ. "సల్లగైతది."